ఓడ ఇస్తాంబుల్‌లో ఒక్క పగలు ఆగుతుంది: తోప్‌కాపి, దోల్మబాహ్చే రెండు ప్రాసాదాలూ చూడగలమా?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నవంబరు మొదటి వారంలో మేము నలుగురం ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఓడ ఎక్కి, ఏడు రాత్రులు సముద్రం మీద గడిపి మళ్ళీ అక్కడే దిగే విహారయాత్రకు వెళ్తున్నాము. మధ్యలో ఒక బుధవారం నాడు ఓడ ఇస్తాంబుల్ రేవులో ఉదయం ఎనిమిదికి ఆగుతుందనీ, సాయంత్రం ఆరున్నరకల్లా అందరూ తిరిగి ఎక్కాలనీ మాకు ఇచ్చిన కాగితంలో ఉంది. మిగిలిన రేవులన్నీ సముద్రతీరాలూ తెల్లటి ఊళ్ళూ కాబట్టి వాటి గురించి నాకు పెద్ద ఆలోచన లేదు. చరిత్ర మీద ఇష్టం ఉన్నదాన్ని కనుక, ఈ ఒక్క రోజును మాత్రం సుల్తానుల ప్రాసాదాలు చూడటానికే ఉంచుకోవాలని నా కోరిక.

తోప్‌కాపి, దోల్మబాహ్చే రెండూ ఒకే రోజులో చూడవచ్చని కొందరు, అది కాళ్ళకు శిక్ష తప్ప చూడటం కాదని కొందరు చెబుతున్నారు. ఓడ వాళ్ళే ఏర్పాటు చేసే బస్సు యాత్ర ఒకటి ఉంది కానీ, నలుగురికీ లెక్క వేస్తే అది మా అమ్మాయికి చిన్న గొలుసు చేయించే ఖర్చుకు వస్తోంది. మా అత్తగారికి 68 ఏళ్ళు. నడుస్తారు గానీ మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కువగా ఎక్కలేరు. పైగా ఆవిడకు ఈ తురుష్క సుల్తానుల కథల మీద ఏమంత ఆసక్తి లేదు, మా సంతోషం కోసం వస్తున్నారు. సొంతంగా వెళ్ళడం మంచిదా, ఓడ బస్సు ఎక్కడం మంచిదా? ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలి? వెళ్ళివచ్చిన వారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సాగరపథికుడు ఇచ్చిన సమాధానం

కృష్ణాతీరం గారూ, మొదట మీ అదృష్టం గురించి చెబుతాను. తోప్‌కాపికి మంగళవారం సెలవు, దోల్మబాహ్చేకు సోమవారం సెలవు. మీ ఓడ బుధవారం వస్తోంది కాబట్టి రెండూ తెరిచే ఉంటాయి. ఈ సంగతి చూసుకోకుండా వచ్చి, మూసిన గేటు ముందు నిలబడి ఫోటోలు దిగి వెళ్ళిపోయిన వారిని నేను చూశాను.

ప్రాసాదాల కంటే ముందు రెండు విషయాలు సరిచూసుకోండి. గ్రీసు నుంచి బయలుదేరి, తుర్కియేలో (టర్కీలో) దిగి, మళ్ళీ గ్రీసుకు వస్తున్నారంటే, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతాన్ని వదిలి తిరిగి ప్రవేశిస్తున్నారన్న మాట. కాబట్టి ఒకే ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు, ఒకటికి మించిన ప్రవేశాలకు అనుమతి ఉన్నదే కావాలి. తుర్కియే వీసా మీకు అవసరమా కాదా అన్నది ఓడ సంస్థనే అడిగి, జవాబును రాతపూర్వకంగా తెప్పించుకోండి. రెండవది గడియారం. వేసవిలో గ్రీసుకూ తుర్కియేకూ ఒకే సమయం ఉంటుంది గానీ, అక్టోబరు చివరి ఆదివారం గ్రీసు తన గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది, తుర్కియే తిప్పదు. మీరు వెళ్ళేది నవంబరులో కనుక, ఆ ఆరున్నర ఓడ సమయమా, ఊరి సమయమా అన్నది ముందు రోజు రాత్రే అడిగి తెలుసుకుని, నలుగురి చేతి గడియారాలూ ఒక్కటి చేయండి. ఫోన్లు తమంతట తాము సమయం మార్చుకుంటాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు.

ఇక బస్సు యాత్ర సంగతి. నేను మొదటిసారి అలాగే వెళ్ళాను. నలభై మందిమి ఒక గొడుగు వెనుక నడిచాము. తోప్‌కాపికి వెళ్ళే ముందు మమ్మల్ని ఒక తివాచీల దుకాణంలో కూర్చోబెట్టి, ఆపిల్ టీ ఇచ్చి, గంటకు పైగా తివాచీలు పరిచి చూపించారు. ఆ తరువాత ప్రాసాదానికి మిగిలింది యాభై నిమిషాలు, అందులో అంతఃపురం లేనే లేదు. దానికి ఒక మేలు మాత్రం ఉందని ఒప్పుకోవాలి: తిరుగుదారిలో ఆలస్యమైతే సొంత బస్సు యాత్రికుల కోసం ఓడ ఆగుతుంది, మన కోసం ఆగదు. అయితే ఇస్తాంబుల్‌లో ఆ భయం తక్కువ. మీ ఓడ ఆగేది గలాటాపోర్ట్‌లో అయితే, అది 2021లో తెరిచిన రేవు, ఊరి నడిబొడ్డున ఉంటుంది. తనిఖీలన్నీ నేల అడుగున కట్టిన టెర్మినల్‌లో పూర్తి చేసుకుని బయటికి వస్తే, కొద్ది నడకలో తోప్‌హానె ట్రామ్ స్టాపు వస్తుంది. టీ1 అనే ఆ ఒక్క ట్రామే ఒక దిక్కున సుల్తానహ్మెత్‌కు, అంటే తోప్‌కాపి దగ్గరికి, రెండో దిక్కున కబతాష్‌కు, అంటే దోల్మబాహ్చే దగ్గరికి వెళ్తుంది. ఎక్కడా మారవలసిన పని లేదు.

ఒక్కటే చూడాలంటే నా ఓటు తోప్‌కాపికే. 1453లో నగరాన్ని గెలిచిన రెండవ మెహ్మెత్ సుల్తాను 1459 ప్రాంతంలో దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు; 1856 వరకు సుల్తానుల ముఖ్య నివాసం ఇదే. దీన్ని ప్రాసాదం అనుకుని వెళ్ళకండి, మన గుడి ప్రాకారాల లాగా ఒక ఆవరణ తరువాత ఒక ఆవరణగా నాలుగు ఉన్న చిన్న పట్టణం అనుకుని వెళ్ళండి. మొదటి ఆవరణలోకి ఎవరైనా రావచ్చు. రెండవ దానికి సలాముల ద్వారం దాటాలి, అక్కడి నుంచి లోపలికి గుర్రం మీద వెళ్ళే హక్కు సుల్తానుకు ఒక్కడికే ఉండేది. ఆ ఆవరణలోనే మంత్రులు కొలువుతీరే దివాన్ ఉంది. మన జమీందారుల దివాణాలకు ఆ పేరు వచ్చినది ఈ మాట నుంచే. ఆ గదిలో ప్రధానమంత్రి కూర్చునే చోటికి సరిగ్గా పైన, గోడలో బంగారు పూత పూసిన ఒక కటకటాల కిటికీ ఉంటుంది. దాని వెనుక సుల్తాను ఉన్నాడో లేడో కింద కూర్చున్న వారికి తెలియదు. లేకపోయినా ఉన్నాడనుకునే మాట్లాడాలి. మొత్తం ప్రాసాదంలో నేను ఎక్కువసేపు నిలబడి చూసింది వజ్రాలను కాదు, ఆ కిటికీని.

వజ్రాల సంగతీ చెప్పాలి కదా. ఖజానాలో 86 క్యారెట్ల 'చెంచాలవాడి వజ్రం' ముందు జనం కదలరు. దాని కంటే, పిడిలో మూడు పెద్ద పచ్చలు పొదిగిన కటారును నెమ్మదిగా చూడండి. 1739లో ఢిల్లీని కొల్లగొట్టి కోహినూరును పట్టుకుపోయిన నాదిర్ షాకు కానుకగా 1747లో దీన్ని పంపించారు. అది దారిలో ఉండగానే అతడు హత్యకు గురయ్యాడు. రాయబారులు కటారుతో సహా వెనక్కి తిరిగి వచ్చారు, కనుకనే అది ఈనాడు ఇస్తాంబుల్‌లో ఉంది. పిడి కొసన ఉన్న పచ్చ నిజానికి ఒక మూత, దాని కింద గడియారం ఉంటుంది.

అంతఃపురం కూడా తప్పక చూడండి. అక్కడి గోడలకు అతికించిన ఇజ్నిక్ ఊరి గాజుపూత పలకల నీలం, దొండపండు ఎరుపు ఫోటోలకు అందవు. సింహాసనానికి పోటీ రాకుండా రాకుమారులను ఏళ్ళ తరబడి బంధించి ఉంచిన గదులూ అక్కడే ఉన్నాయి; వాటిని 'పంజరం' అనేవారు. 1640లో అన్న చనిపోయాడు, నువ్వే సుల్తానువి అని ఇబ్రహీంకు చెప్పబోతే, చంపడానికే వచ్చారని భయపడి, అన్న శవాన్ని చూపించే దాకా అతడు బయటికి రాలేదని చెబుతారు.

పాతనగరవాసి ఇచ్చిన సమాధానం

సాగరపథికుడు గారు చెప్పినవన్నీ నిజమే గానీ, తెలుగువారు, అందులోనూ హైదరాబాదుతో ఏ కొంచెం సంబంధం ఉన్నవారైనా, దోల్మబాహ్చేను చూడకుండా రావడం నాకు నచ్చదు. తోప్‌కాపిలో ఉన్నది వారి చరిత్ర. దోల్మబాహ్చే చివరి పుట మాత్రం మన పాతబస్తీలో చిరిగి పడింది.

ఆ ప్రాసాదాన్ని అబ్దుల్ మెజీద్ సుల్తాను 1843 నుంచి 1856 వరకు కట్టించాడు. కట్టినవారు ఆర్మేనియన్ శిల్పుల కుటుంబానికి చెందిన గరబెత్ బల్యాన్, అతని కుమారుడు నికొగోస్. ఒకప్పటి సముద్రపు ఒంపును పూడ్చి తోటగా మార్చిన నేల కావడం వల్ల 'పూడ్చిన తోట' అనే అర్థంలో దోల్మబాహ్చే అన్న పేరు వచ్చింది. 285 గదులు, పైకప్పుల పూతకు 14 టన్నుల బంగారం, నీటి అంచున దాదాపు 600 మీటర్ల ముఖభాగం. సభామండపంలో 36 మీటర్ల ఎత్తు గుమ్మటం నుంచి నాలుగున్నర టన్నుల స్ఫటిక దీపవృక్షం వేలాడుతూ ఉంటుంది, దానికి 750 దీపాలు. అది విక్టోరియా రాణి కానుక అని చాలా కాలం చెప్పుకున్నారు. తీరా 2006లో రశీదు దొరికింది: సుల్తానులే పూర్తి ధర చెల్లించి కొనుక్కున్నారు. ఆ సామ్రాజ్యం మొట్టమొదటి విదేశీ అప్పు చేసింది 1854లో, అంటే ఈ పని సాగుతుండగానే. 1875కల్లా అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. పైకప్పు నిండా బంగారం, పద్దు నిండా బాకీ. మన జమీందారీల పతనం గురించి తాతల దగ్గర విన్నవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1922లో సుల్తాను పదవిని రద్దు చేసిన తరువాత, ముస్లింల మతాధిపతి అయిన ఖలీఫా పదవి మాత్రం మిగిలి ఉండగా రెండవ అబ్దుల్ మెజీద్ ఆ పదవిలోకి వచ్చాడు. ఆయన చిత్రకారుడు, పుస్తకప్రియుడు. ఆయన గ్రంథాలయం ఆ ప్రాసాదంలోనే ఉంది. 1924 మార్చి 3న అంకారాలోని శాసనసభ ఖలీఫా పదవిని కూడా రద్దు చేసింది. తెల్లవారకముందే కుటుంబాన్ని దోల్మబాహ్చే నుంచి కార్లలో తరలించారు. నగరంలోని స్టేషనులో అయితే జనం గుమిగూడతారని, దూరంగా ఉన్న చతల్జాకు తీసుకువెళ్ళి అక్కడ రైలు ఎక్కించారు. ఆ కార్లలో పదేళ్ళ కూతురు ఉంది. ఆమె పేరు దుర్రెషెహ్వార్.

ఆ కుటుంబం ఫ్రాన్సులోని నీస్ నగరంలో తలదాచుకున్నప్పుడు నెలనెలా భరణం పంపినవాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1931 నవంబరులో నీస్‌లోనే ఆయన పెద్ద కుమారుడు ఆజం జాతో దుర్రెషెహ్వార్‌కు, రెండవ కుమారుడు మొఅజ్జం జాతో ఆమె బంధువైన నీలోఫర్‌కు వివాహాలు జరిగాయి. పురానీ హవేలీ దగ్గరి దుర్రుషెహవార్ ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి ఎవరి పేర్లో మనలో చాలామందికి తెలియదు. తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించడం చూసి కదిలిపోయిన నీలోఫర్, తల్లుల కోసం ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టడం వల్ల ఆ రెండవది వచ్చింది. దుర్రెషెహ్వార్ కుమారుడు ముకర్రం జా 2023 జనవరిలో కన్నుమూసింది కూడా ఇస్తాంబుల్‌లోనే. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి, చౌమహల్లాలో ప్రజల దర్శనానికి ఉంచి, మక్కా మసీదులో ఖననం చేశారు. చౌమహల్లాలోని దర్బారు మందిరం ఖిల్వత్‌లో షాండిలియర్ల కింద నిలబడి చూసినవారు దోల్మబాహ్చేలో అడుగుపెడితే, పుట్టింటిని ముందు చూడకుండా అత్తింటినే చూశామే అనిపిస్తుంది. నాకైతే అనిపించింది.

లోపల ఫోటోలు తీయనివ్వరు, చెప్పులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. మరొక మాట, అంతఃపురం భాగంలో తుర్కియే గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ 1938 నవంబరు 10న మరణించిన గది ఉంది. మంచం మీద జెండా కప్పి ఉంటుంది, గడియారం ఆయన పోయిన 9 గంటల 5 నిమిషాల దగ్గర ఆగి ఉంటుంది.

రైన్‌తీరవాసి ఇచ్చిన సమాధానం

మేము జర్మనీలో ఉంటాము. మా అమ్మను తీసుకుని ఇదే రేవులో ఇలాగే దిగాము కనుక, పై ఇద్దరూ చెప్పని ఒక్క సంగతి చెబుతాను: ఈ రెండు ప్రాసాదాల మధ్య తేడా చరిత్రలో కంటే మోకాళ్ళలో ముందు తెలుస్తుంది.

తోప్‌కాపిలో నేలంతా గులకరాళ్ళు, ఎత్తుపల్లాలు. అంతఃపురంలో గడపలు, చిన్న చిన్న మెట్లు. గుల్హానె స్టాపులో దిగితే పైకి ఎక్కే దారి. దాని బదులు తరువాతి స్టాపు సుల్తానహ్మెత్‌లో దిగి, హాగియా సోఫియా పక్కగా నడిస్తే దారి కొంత చదునుగా ఉంటుంది. అయితే అక్కడ తోటలు, చెట్ల నీడ, కూర్చునే చోట్లు ఉన్నాయి. మా అమ్మ రెండవ ఆవరణలో పెద్ద చెట్టు కింద కూర్చుని, ఎదురుగా వంటశాలల పొగగొట్టాలు లెక్కపెడుతూ గంటసేపు హాయిగా గడిపింది. వేలమందికి రోజూ వండి పెట్టిన వంటశాలలవి. 1574లో అగ్నిప్రమాదం జరిగాక వాటిని తిరిగి కట్టింది ప్రసిద్ధ శిల్పి సినాన్. ఇప్పుడు అందులో చైనా పింగాణీ ప్రదర్శన ఉంది. విషం కలిపిన కూర వడ్డిస్తే రంగు మారుతుందని నమ్మి తెప్పించుకున్న లేతాకుపచ్చ పళ్ళేలూ వాటిలో ఉన్నాయి. లోపలికి వచ్చి చూడమంటే మొదట రానన్న మా అమ్మ, ఆ పెద్ద రాగి కాగులను చూశాక మాత్రం, వీటిని ఎవరు తోమేవారో అని అడిగింది. ఆ ప్రశ్న ఏ పలక మీదా లేదు.

దోల్మబాహ్చేలో నేల చదును, తివాచీలు మెత్తన. కానీ అక్కడ మధ్యలో కూలబడటానికి వీల్లేదు. వరుసగా ఒక దారిలో నడుస్తూనే ఉండాలి. స్ఫటికపు కమ్మీలున్న ఆ పేరుమోసిన మెట్లదారిని మేము కాలినడకనే ఎక్కాము. అందుచేత తోప్‌కాపికే ఓటు వేసిన సాగరపథికుడు గారికి నా సలహా తలకిందులు: పొద్దున్నే కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు, తొమ్మిదికి గేటు తీయగానే దోల్మబాహ్చేలోకి వెళ్ళండి. పదకొండున్నరకు బయటపడి, అదే ట్రామ్ ఎక్కి సుల్తానహ్మెత్ చేరండి. తోప్‌కాపిని రెండున్నర గంటల్లో చూస్తే నాలుగింటికల్లా తిరుగు ట్రామ్‌లో ఉంటారు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. తోప్‌కాపి టికెట్ కొనేటప్పుడు అంతఃపురం దానిలో కలిసి ఉందో లేదో చూసుకోండి.

మరొక జాగ్రత్త: మీ ప్రయాణం పొరపాటున ఒక వారం ఆలస్యమైతే, అతాతుర్క్ మరణించిన నవంబరు 10 తగలవచ్చు. మేము సరిగ్గా ఆ రోజే దిగాము. 9 గంటల 5 నిమిషాలకు సైరన్లు మోగాయి. కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయి, నడిపేవారు తలుపు తీసుకుని దిగి నిలబడ్డారు. నీటి మీద ఓడలు కూత వేశాయి. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె, సిమిత్ అమ్మే బండివాడు కూడా చేతిలోని పట్టకారు దించి, తల వంచి నిలబడ్డాడు. దోల్మబాహ్చే ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అది చూడగలిగినందుకు సంతోషమే, కానీ ఆ రోజు ప్రాసాదం చూశామని చెప్పలేను.

శాకాహారులైతే ఎర్రపప్పు సూప్ అన్నిచోట్లా దొరుకుతుంది. నవంబరు కనుక వీధుల్లో చెస్ట్‌నట్లు కాలుస్తుంటారు, కాల్చిన పనసగింజల రుచి. మీ అత్తగారికి నచ్చుతాయి.

కృష్ణాతీరం

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. వీసాలు తీసి చూశాను. మా అమ్మాయిది తప్ప అందరివీ ఒకటికి మించిన ప్రవేశాలవే. ఆమెది ఒకే ప్రవేశానికి ఇచ్చారు. ఈ ప్రశ్న ఇక్కడ అడగకపోయి ఉంటే పిరేయస్‌కు తిరిగి వచ్చాక తెలిసేది. రేపే దాని పని చూస్తాము.

పాతనగరవాసి గారు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీ ఆయన పుట్టింది నీలోఫర్ ఆసుపత్రిలోనే" అన్నారు. 1979లో మా మామగారి ఉద్యోగం హైదరాబాదులో ఉండేదట. వానలో రిక్షా ఎక్కి వెళ్ళారట. ఇన్నేళ్ళలో ఆ పేరు ఒక మనిషిదని ఆవిడ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు ఆ నీలోఫర్ పుట్టిన ఇల్లు చూపించగలరా అని అడుగుతున్నారు. రైన్‌తీరవాసి గారు చెప్పినట్టు దోల్మబాహ్చేతోనే రోజు మొదలుపెడతాము. అత్తగారు అలసిపోతే తోప్‌కాపిలో చెట్టు కింద ఆవిడ పక్కన నేనో మా వారో ఉంటాము. ఆ కటకటాల కిటికీని మాత్రం నేను వదులుకోను.

పాతనగరవాసి

నీలోఫర్ పుట్టింది 1916లో, ఆసియా వైపు ఉన్న గొజ్‌తెపెలో. మీకున్న సమయంలో అక్కడికి వెళ్ళి రావడం కుదరదు. దాని బదులు ఒక పని చేయండి. దోల్మబాహ్చే చూసి బయటికి వచ్చాక, తోటలో నీటి వైపు తెరుచుకునే తెల్లటి ఇనుప ద్వారాలు ఉంటాయి. అందరూ వాటికి వీపు పెట్టి ఫోటో దిగుతారు. మీ అత్తగారిని మాత్రం నీటి వైపు తిప్పి నిలబెట్టండి. ఎదురుగా కనిపించే ఒడ్డు ఉస్కుదార్. దాని వెనుక, ఎత్తైన టెలివిజన్ గోపురం ఉన్న కొండ చామ్‌లిజా. దుర్రెషెహ్వార్ 1914లో పుట్టింది ఆ చామ్‌లిజాలోనే. అక్కడ రాతి గట్టు ఉంది, కూర్చుని చూడవచ్చు.